ఎవరి కొంగుముడి ఊడిందో

మొన్న పటాన్‌చెరులో బట్టల షాపుకు వెళ్తే గుమ్మం దగ్గర సెక్యూరిటీ అతను నా నడుము చుట్టూ డిటెక్టరు కర్ర తిప్పాడు. అది కుయ్యిమంది. జేబులోంచి తాళంచెవుల గుత్తి తీసి చూపించబోయాను. అతను చూడనైనా చూడకుండా "పోండ్రి సార్" అని నా వెనకాయన మీదికి తిరిగాడు. నాకు ఒళ్లు మండింది. మోగినప్పుడు చూడాలి కదా! ఏం మోగిందో అక్కరలేనివాడికి ఆ కర్ర చేతిలో ఎందుకు? మా ఆవిడ నా చెయ్యి పట్టి లోపలికి లాగుతూ, "అక్క యాదికొచ్చింది గద నీకు" అంది. వచ్చింది. చీరలు చూస్తున్నంతసేపూ నాకు ఆ అక్కే కళ్లముందు మెదిలింది.

పాశమైలారం పక్కన, మా ఊరికీ ఒక మందుల ఫ్యాక్టరీకీ మధ్య మాది కిరాణా దుకాణం. మా నాయన సంగారెడ్డి బజారు నుంచి వచ్చి పెట్టింది. అందుకని ఊళ్లో పుట్టినా, ఊళ్లోనే పెరిగినా నేను అందరికీ సేటునే. ఊరంతా అక్క అని పిలిచే ఆమె ఆ ఫ్యాక్టరీలో లేడీ సెక్యూరిటీ. అత్తగారిది బాగా భూములున్న ఇల్లు. భూములు ఫ్యాక్టరీల కిందికి పోయాయి, భర్త చిన్నవయసులోనే పోయాడు. ఆమె చీర మీద ఖాకీ చొక్కా తొడుక్కొని గేటు దగ్గర నిలబడింది. "నా పొలంలకు ఎవరు వోతున్నరు, ఎవరొస్తున్నరు సూసుకునేటందుకు నాకే జీతమిస్తున్నరు సేటూ" అని పకపకా నవ్వేది.

డ్యూటీ దిగి వెళ్లే ఆడవాళ్లను తనిఖీ చేయడం ఆమె పని. బీహార్ వాళ్లు, ఒడిశా వాళ్లు, మన జోగిపేట దిక్కు వాళ్లు. "క్యా హై రే బిడ్డా, కొంగు ఇప్పు, జల్దీ కరో" అనేది. ఆమె హిందీలో సగం తెలుగు, మిగతా సగం అరుపు. కర్ర కుయ్యిమనగానే మాత్రం ఆ అరుపులన్నీ ఆగిపోయేవి. తల ఒక పక్కకు వాల్చి, ఒక కన్ను మూసి, నోరు కొంచెం తెరిచి వినేది. వంటింట్లో పాలు పొంగుతున్నాయా అని ముందర గదిలోంచి చెవి పెట్టినట్టు ఉండేది ఆ నిలబడటం. మట్టెలా, తాళిబొట్టా, పిన్నీసా తేలేదాకా ఆ మనిషిని కదలనిచ్చేది కాదు. వెనక వరస పెరిగిపోయి అందరూ గొణిగినా ఆమెకు పట్టేది కాదు.

డ్యూటీ నుంచి రిటైరయ్యాక అందరూ అక్క ఇక ఇంటిపట్టున ఉంటుందనుకున్నారు. ఒకరోజు ఆమె పేరున ఇంత పొడుగు డబ్బా ఒకటి మా దుకాణానికి వచ్చింది. ఊళ్లోకి ఏ పార్సిలొచ్చినా మా దగ్గరే దింపిపోతారు. అక్క వచ్చి గల్లాపెట్టె ముందే దాన్ని విప్పింది. ఒక కడ్డీ, కడ్డీ చివర పళ్లెం లాంటి గుండ్రటి చట్రం, చెవులకు పెట్టుకునే ఫోన్లు. భూమిలో ఉన్న ఇనుమూ రాగీ కనిపెట్టే మిషనట. సామాన్లకు వచ్చినవాళ్లంతా చుట్టూ మూగారు. మొదటి పరీక్ష నామీదే చేసింది. నడుము దగ్గర అది గట్టిగా అరిచింది. "సేటు మొలతాడు వెండిదే!" అని ఆమె ప్రకటించింది. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది.

"ఇంతకీ ఎందుకక్కా ఇది?" అని అడిగాను, సిగ్గు దాచుకోవడానికి.

"గేటుకాడ ఇన్నేండ్లు మంది దాసుకున్నది పట్టిన. ఇగ మంది పోగొట్టుకున్నది పడత" అంది.

అప్పట్నుంచి ఆమెకు అదే లోకం. తలకు తువ్వాల చుట్టి, దాని మీద ఆ ఫోన్లు పెట్టుకొని, నడుముకు చిన్న గునపం దోపుకొని పొద్దున్నే బయలుదేరేది. ఎక్కడ కొత్త షెడ్డు లేస్తుందో, ఎక్కడ పునాది తీస్తారో ముందే ఆరా తీసి, జేసీబీ కంటే ముందు అక్కడ ఉండేది. "జేసీబీ వొచ్చిందంటే అయిపాయె. మీదిది కిందికి, కిందిది మీదికి జేస్తది. ఏది ఏడ వడ్డదో ఇగ దేవునికి గూడ తెల్వది" అనేది. గడ్డపోతారం దాకా ఆటోలో మిషన్ ఒళ్లో పెట్టుకొని వెళ్లిన రోజులున్నాయి. ఆటోవాళ్లు అది కలుపు కోసే మిషననుకునేవాళ్లు.

ఆమె గొప్ప నిపుణురాలేం కాదు. ఆ సంగతి చెప్పకపోతే అబద్ధమాడినట్టే. "ఇది వెండి సప్పుడు సేటూ, రాసి పెట్టుకో" అని తవ్వితే బీరు సీసా మూత వచ్చేది. "రాగి, ఖాయం రాగి" అంటే ఎద్దు గిట్టకు కొట్టిన నాడా వచ్చేది. మా చుట్టుపక్కల ఎన్ని ఎడ్లు తిరిగాయో ఆమె తవ్వకాల వల్లనే నాకు తెలిసింది. దొరికినవన్నీ తెచ్చి మా దుకాణంలో ఒక బిస్కెట్ల డబ్బాలో పోసేది. నాడాలు, కొడవలి ముక్కలు, తాళంచెవి లేని తాళాలు, ముక్కుపుల్ల శీలలు. పాత బిళ్ల ఏది దొరికినా మొదట కుతుబ్‌షాహీలదే అని తేల్చేది. అటు తిప్పితే రూపాయి అని హిందీలో రాసి ఉండేది. నేను నవ్వితే, "నవ్వు నవ్వు, నీ దుకాణం కింద ఏముందో నీకెరికనా?" అని గదమాయించేది. అందుకోసం ఒకనాడు బియ్యం బస్తాలన్నీ పక్కకు జరిపించింది కూడా. ఏమీ దొరకలేదు. బస్తాలు మళ్లీ సర్దుకున్నవాణ్ణి నేనే.

మొదటి నిజమైన పాత నాణెం దొరికినప్పుడు నేను పక్కనే ఉన్నాను. లారీలు ఆపే జాగా అది. అక్కడ గోడౌను కడతారని తెలిసి, దుకాణం మా ఆవిడకు అప్పగించి సరదాకు వెంట వెళ్లాను. మిషన్ చిన్నగా మూలిగింది. అక్క తల పక్కకు వాల్చింది. గునపంతో మెల్లగా గీకి, మట్టిపెళ్లను అరచేతిలోకి తీసుకొని, ఉమ్మి తడిపి బొటనవేలితో రుద్దింది. నలుచదరపు బిళ్ల, మూలలు గుండ్రం, మీద ఉర్దూ రాత. నిజాం నాటి అణా. ఈసారి ఆమె కుతుబ్‌షాహీ అనలేదు. చాలాసేపు దాన్నే చూసి, కళ్లకద్దుకొని, చివరికి గుసగుసగా "ఎవరి కొంగుముడి ఊడిందో పాపం" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత ఆమే చెప్పింది. లారీలు ఆగే ఆ చోట ఒకప్పుడు వారం వారం అంగడి జరిగేదట. వాళ్లత్త చెప్పేదట. అంగడికొచ్చే ఆడవాళ్లు పైసలు కొంగుకు ముడేసుకొని వచ్చేవాళ్లు. "ఉప్పుకో, మిరపకాయలకో తెచ్చుకున్నది. ముడి ఊడింది. ఇంటికి వోయి సూసుకుంటే లేదు. అత్త తిట్టిందో, మొగడు కొట్టిండో. మల్ల మర్నాడొచ్చి ఈడీడనే దేవులాడి ఉంటది సేటూ. గామె కాళ్లకిందనే ఉండె ఇది" అంది. చెబుతుంటే ఆమె కళ్లనిండా నీళ్లు. లారీల హారన్ల మధ్య, డీజిలు వాసనలో నిలబడి నేను నేలవైపు చూశాను. పుట్టినప్పట్నుంచి ఆ నేల మీదే తిరుగుతున్నాను. మొదటిసారి అడుగు వెయ్యడానికి భయమేసింది. ఆ భయం మంచి భయం, గుళ్లో వేసేలాంటిది.

ఆ తర్వాత ఏ నాణెం దొరికినా ఆమె నోట అదే మాట. "ఎవరి కొంగుముడి ఊడిందో."

ఊరు ఊరుకుంటుందా? గుట్ట దగ్గర ఎవరో గొయ్యి తవ్వి, పసుపూ కుంకుమా చల్లి, నిమ్మకాయలు కోసి పడేసి పోయారు. గుప్తనిధుల కోసం ఇలాంటి పనులు చేసేవాళ్లు మా దిక్కు ఎప్పుడూ ఉంటారు. మిషన్ ఉన్నది అక్కకొక్కదానికే కాబట్టి నేరం ఆమె మీద పడింది. పెద్దమనుషులు పంచాయతీ ఆఫీసు దగ్గరికి పిలిపించారు. అక్క నా బిస్కెట్ల డబ్బా చంకన పెట్టుకొని వెళ్లి, అందరి ముందూ బల్ల మీద కుమ్మరించింది. నాడాలు, బీరుమూతలు గలగలా దొర్లాయి. "ఇగో నా నిధి. పంచుకోండ్రి. ఇగ నిమ్మకాయలంటరా, నేను పులిహోరకు తప్ప కొనలే. మా సేటును అడుగుండ్రి" అంది. నేను నిలబడి అవునని సాక్ష్యం చెప్పాను. నిమ్మకాయల గురించి సాక్ష్యం చెప్పిన సేటు ఈ జిల్లాలో నేనొక్కడినే అయివుంటాను.

ఆ సాయంత్రమే ఆ నలుచదరపు అణాను తెచ్చి నా చేతిలో పెట్టింది. "నా తాన ఉంటే దొంగసొమ్మంటరు. నీ గల్లాల పెట్టుకో. ఈ సిల్లరకు పెద్దమనిషి లెక్క ఉంటది" అంది. గల్లాపెట్టె మూలన లక్ష్మీదేవి బొమ్మ కింద పెట్టాను. తర్వాత దుకాణంలో ఫోనుతో పైసలు కట్టే బోర్డు పెట్టిననాడు, అక్క దాని ముందు నిలబడి చాలాసేపు చూసింది. "గీ బోర్డుల వడ్డ పైసలు భూమ్మీద రాలయి గద సేటూ. మన తర్వాత మిషను వట్టుకొని వొచ్చెటోనికి ఏం దొర్కుతది?"

"బీరుమూతలు దొర్కుతయక్కా" అన్నాను. ఎప్పుడూ నవ్వే మనిషి ఆ మాటకు నవ్వలేదు.

ఇక బాట సంగతి. ఊరి నుంచి శ్మశానానికి పొలాల మధ్యగా పాత బాట ఉండేది. ఫ్యాక్టరీ వాళ్లు తారురోడ్డు వేసుకున్నాక, అటు తిరిగి ట్రాక్టరు మీద తీసుకెళ్లడం అలవాటైంది. పాత బాటను తుమ్మచెట్లు కమ్మేశాయి. కొన్నాళ్లకు ఫ్యాక్టరీ తన రోడ్డుకు గేటు పెట్టేసింది. అదే సమయంలో పాత బాట ఉన్న పొలాలన్నీ ఎవరో కొని, ప్లాట్లు చేసి అమ్మడానికి వెంచరు మొదలుపెట్టారు. తుమ్మలు కొట్టించారు, పైపైన మట్టి గీకించారు, చుట్టూ గోడ లేపుతున్నారు. ఆ నడుమ ఊళ్లో ఒక ముసలాయన పోతే, పాడెను హైవే అంచున లారీల పక్కనుంచి, కంపెనీ నీళ్లు పారే కాలువ దాటించి మోసుకుపోవలసి వచ్చింది. లారీ వస్తే పాడె పట్టినవాళ్లు కాలువలోకి దిగారు. ఆనాటి నుంచి ఊళ్లో ముసలివాళ్లకు చావంటే బెంగ లేదు గానీ ఆ దారంటే బెంగ పట్టుకుంది.

ఊరంతా వెళ్లి మొరపెట్టుకుంటే ఒక ఆఫీసరు వచ్చాడు. మర్యాదస్తుడే. "నక్షలో బాట లేదు. ఎక్కడుండేదో మీరే చూపించండి, రాసుకుంటాను" అన్నాడు. మా పెద్దమనుషులు చూపించారు. ఒకాయన ఇటు అన్నాడు, ఇంకొకాయన అటు అన్నాడు, మూడో ఆయన ఇద్దరినీ తిట్టాడు. చదునుగా గీకిన నేల మీద ఏ గుర్తూ లేదు. వెంచరు మేనేజరు చేతులు కట్టుకొని నవ్వుతున్నాడు.

అక్క మిషన్ తీసుకొని వచ్చింది. "సేటూ, అగరుబత్తీల కట్టలు ఎన్నుంటే అన్ని తే" అంది. తెచ్చాను. ఎందుకో చెప్పలేదు. ఊరి చివర కల్లు కాంపౌండు దగ్గర నిలబడి, మిషన్ నేలకు ఆనించి అటూ ఇటూ ఊపుతూ నడక మొదలుపెట్టింది. మోగినచోటల్లా ఆగి తల వాల్చి వినేది. అక్కడొక అగరుబత్తి గుచ్చమని నాకు సైగ చేసేది. మొదట అవి చెదురుమదురుగా ఉన్నాయి. మేనేజరు "ఇనుప ముక్కలుంటాయి సార్, ఎక్కడ చూసినా మోగుతుంది" అన్నాడు. అక్క వినిపించుకోలేదు. పోను పోను ఆ పుల్లలన్నీ ఒక వరసలోకి వచ్చాయి. వరసకు పక్కకు వెళ్తే మిషన్ మూగబోయేది. వరసలోకి వస్తే మూలిగేది. చేను మధ్యలో చింతచెట్టు మొదలు ఉన్న దగ్గర ఆ వరస కొంచెం వంపు తిరిగింది కూడా, బండ్లబాట తిరిగినట్టు.

ఆఫీసరు దగ్గరికొచ్చి, "ఏముందమ్మా కింద?" అన్నాడు.

అక్క మోకాళ్ల మీద కూర్చుని ఒకచోట తవ్వింది. నలుపలకల ఐదుపైసల బిళ్ల. ఇంకోచోట తవ్వింది. నడుమ బొక్క ఉన్న నిజాం పైస. చూపించి, రెంటినీ తీసినచోటే పెట్టి మట్టి కప్పింది.

"పాడె ముంగట పేలాలు, సిల్లర సల్లుకుంట పోతం గద సారూ. పిల్లలు ఏరుకుంటరు. బురదల తొక్కుకపోయినయి ఎవరేరుతరు? మా తాతలకు సల్లినయి, వాళ్ల తాతలకు సల్లినయి. బాట గిదే" అంది.

ముసలివాళ్లు తలకు చుట్టుకున్న తువ్వాలలు తీశారు. మాకెవరికీ గుర్తులేని దారిని, నిండా దుఃఖంలో ఉన్న మనుషులు, ఎక్కడ పడుతుందో చూసుకోకుండా చల్లిన చిల్లర గుర్తుపెట్టుకుంది. నేను అంతకుముందు చాలా గుళ్లకు వెళ్లాను. అంత పెద్ద సంగతి ముందు నిలబడినట్టు ఎప్పుడూ అనిపించలేదు.

అక్క మళ్లీ నడిచింది. ఒకచోట మిషన్ ఆగకుండా మోగింది. ఏ పక్కకు తిప్పినా మోత. అది దింపుడుకళ్లం. పాడెను దించి, పోయినవాళ్ల చెవిలో చివరిసారి పేరు పెట్టి పిలిచే చోటు. అందరూ ఆగి, అక్కడే ఎక్కువ చల్లుతారు. అక్క చెవుల ఫోన్లు తీసేసింది.

"మా ఆయన వోయినప్పుడు గీడిదాంక వొచ్చిన. గీడికెల్లి నన్ను మల్లిచ్చిండ్రు" అంది.

మా దిక్కు భూములున్న ఇళ్లల్లో ఆడవాళ్లు దింపుడుకళ్లం దాటి వెళ్లరు. ఆమె ముందుకు చూసింది. శ్మశానం మీది గుడిసె కప్పు దూరంగా కనిపిస్తోంది. కొంగు బిగించి దోపుకొని ఫోన్లు మళ్లీ పెట్టుకుంది. పెద్దమనుషులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు గానీ ఎవరూ వద్దనలేదు. తన భర్తను ఏ దారిన తీసుకుపోయారో, ఆ దారిని ఒక్కొక్క చప్పుడే వింటూ, ఆమె చివరిదాకా నడిచింది. నేను వెనక పుల్లలు గుచ్చుకుంటూ వెళ్లాను. తిరిగి చూస్తే ఊరి నుంచి శ్మశానం దాకా అగరుబత్తుల బాట నిలబడి ఉంది. ఎవరో ముసలాయన దింపుడుకళ్లం దగ్గరున్న వాటిని అగ్గిపుల్లతో వెలిగిస్తున్నాడు.

వెంచరు గోడలో ఖాళీ వదిలారు. బాట మిగిలింది.

ఆ తర్వాత "ఇన్ని ఉన్నయి గద అక్కా, ఒక్కటన్న తీసుకోకపోతివి" అని అడిగాను. ఆమెకు కోపం వచ్చింది. "అంగట్ల వడ్డది పోగొట్టుకున్నది సేటూ, అది దొరకాలె. ఇది ఇచ్చింది. పోయినోళ్ల కోసం ఇచ్చింది ముట్టొద్దు" అంది. ఆ తర్వాత ఆ బాట మీదుగా ఎప్పుడు వెళ్లినా మిషన్‌ను భుజాన వేసుకొని వెళ్లేది. కింద పెట్టేది కాదు.

నిరుడు వానాకాలం అక్క పోయింది. జ్వరమని పడుకుంది, లేవలేదు. జోగిపేట నుంచి కూతురొచ్చింది. మరిది కొడుకు కుండ పట్టాడు. పాడె లేచే వేళకు, పేలాల చేట పట్టుకున్నవాడు "సిల్లరేది?" అన్నాడు. మగవాళ్లంతా జేబులు తడుముకున్నారు. అందరి జేబుల్లోనూ ఫోన్లే. ఒక్క బిళ్ల లేదు. అందరూ సిగ్గుపడుతూ నిలబడ్డారు. నేను దుకాణానికి పరుగెత్తి, గల్లాపెట్టె ఎత్తుకొచ్చి చేటలో బోర్లించాను. నాకు కళ్లు కనబడటం లేదు. చేట నేనే పట్టుకున్నాను. ఆమె నిలబెట్టిన బాటన, గోడ ఖాళీలోంచి, చింత మొదలు దగ్గర వంపు తిరిగి, పిడికిళ్లు పిడికిళ్లు చల్లుకుంటూ వెళ్లాను. దింపుడుకళ్లం దగ్గర కూతురు ఆగలేదు. మా అమ్మ నడిచింది గద అంది. ఆమె వెనక ఊరి ఆడవాళ్లు నడిచారు.

స్నానం చేసి వచ్చి గల్లాపెట్టె యథాస్థానంలో పెడుతుంటే చూశాను. లక్ష్మీదేవి బొమ్మ ఒక్కటే మూలన అంటుకొని ఉంది. అణా లేదు. చిల్లరతో పాటు అదీ వెళ్లిపోయింది. అక్కవి నా దగ్గర అప్పటిదాకా ఉన్నవి ఆ బిస్కెట్ల డబ్బా, ఆ అణా. కూతురు "నాకెందుకు సేటు మామా" అని మిషన్ కూడా నా దగ్గరే వదిలివెళ్లింది. అది బియ్యం బస్తాల వెనక ఉంది. ఎలా వాడాలో నాకు తెలుసు. ఒక పూట పనే. వెతికితే దొరుకుతుంది.

బట్టల షాపు నుంచి వచ్చిన మర్నాడు పొద్దున మిషన్ భుజాన వేసుకొని ఆ బాట మొదటికి వెళ్లాను. చెవులకు ఫోన్లు పెట్టుకున్నాను. చాలాసేపు నిలబడ్డాను. మిషన్ కింద పెట్టలేదు.

ఎప్పుడో ఒకనాడు ఇంకెవరో ఇలాంటి మిషన్ పట్టుకొని అటు వస్తారు. పదిరూపాయల బిళ్లల మధ్య నిజాం అణా ఒకటి చూసి తికమకపడతారు. ఎవరి కొంగుముడి ఊడిందో అనుకుంటారు. ఊడిపడింది కాదు నాయనా అది. మా అక్కకు నేనిచ్చింది.